నాదానికి శ్రోత ఎవరు?



వేదానికి శ్రుతి అని పేరు. అది వినబడేది, విని నేర్వబడేది. నవవిధ భక్తులలో ప్రథమ స్థానం శ్రవణానిదే. ఆత్మదర్శనానికి ఉపనిషత్తు నిర్దేశించిన సోపానాలలోనూ శ్రవణమే మొదటిది. మనన నిదిధ్యాసనలు దానిని అనుసరించి వచ్చేవి. మన సంప్రదాయమంతా ఈ విధంగా వినికిడిపై నిలిచి ఉన్నది కనుకనే, ఒక సందేహం మనలను అప్పుడప్పుడు కలవరపరుస్తుంది. వినేవారు లేని చోట పలికిన నాదం ఏమవుతుంది? ఫలించని బీజంవలె నశించిపోతుందా? లేక దానికి మనమెరుగని శ్రోత ఒకరు ఉన్నారా?

వేదపాఠకునికీ, అర్చకునికీ ఇది తర్కం కోసం వేసుకునే ప్రశ్న కాదు, నిత్యం ఎదురయ్యేది. దానికి సమాధానం వెదకవలసిన చోటు మన గ్రంథాలేనని భావిస్తూ వచ్చిన నాకు, ఆ విషయంలో గొప్ప స్పష్టతనిచ్చినది ఇథియోపియా దేశానికి చెందిన ఒక క్రైస్తవ సన్న్యాసిని జీవితం. ఆమె పేరు ఎమహోయ్ త్సెగే మరియం గెబ్రు. ‘ఎమహోయ్’ అనేది ఆ దేశంలో సన్న్యాసినులకు ఇచ్చే గౌరవపదం. ఆమె పియానో విదుషీమణి, స్వరకర్త్రి. ఎనభై రెండేళ్ళ వయస్సు వచ్చేవరకు ఆమె కళ బాహ్యప్రపంచానికి ఇంచుమించు అజ్ఞాతంగానే ఉండిపోయింది.

ఆమె సంగీతం నా చెవిని చేరిన విధం సామాన్యమైనదే. మా ఆలయానికి వచ్చే ఒక కుటుంబంలోని అమ్మాయి పాశ్చాత్య సంగీతం అభ్యసిస్తున్నది. ఒకనాడు ప్రదోషార్చన ముగిసిన తరువాత తన ఫోనులో ఒక పియానో వాద్యం వినిపించి, “పంతులుగారూ, ఇది మోహనమేనా?” అని అడిగింది. మోహనచ్ఛాయ స్పష్టంగానే ఉన్నది. కాని అది మన మోహనం కాదు. ఆ వాదనం ఏ సభనూ ఉద్దేశించినట్లు లేదు. ఏకాంతంలో ఎవరో జపం చేసుకుంటూ ఉండగా ద్వారం వెలుపల నిలిచి విన్న అనుభూతి కలిగింది. ఆ తరువాత ఆమె చరిత్రను శ్రద్ధగా తెలుసుకున్నాను.

ఆమె పూర్వాశ్రమ నామం యెవుబ్దార్ గెబ్రు. 1923 డిసెంబరు 12న అడిస్ అబాబా నగరంలో ఉన్నత కుటుంబంలో జన్మించారు. తండ్రి ఐరోపాలో విద్యనభ్యసించిన విద్వాంసుడు, రాజనీతిజ్ఞుడు. ఆరవ ఏట ఆమెను స్విట్జర్లాండులోని పాఠశాలకు పంపారు. అక్కడ వయొలిన్, పియానో వాద్యాలతో పరిచయమైంది. 1933లో స్వదేశానికి తిరిగివచ్చిన కొద్ది కాలానికే ఇటలీ దండయాత్ర ఆ దేశాన్ని ముంచెత్తింది. 1937లో ఆ బాలికను కుటుంబంతో సహా బందీగా పట్టుకొని ఇటలీకి చెందిన అసినారా ద్వీపానికి తరలించారు. పిమ్మట నేపుల్స్ సమీపంలోని మెర్కొలియానోకు మార్చారు. ఆమె కుటుంబీకులు కొందరు ఆ కాలంలోనే హతులయ్యారు.

యుద్ధానంతరం ఆమె కైరో నగరానికి వెళ్ళి, పోలండు దేశీయుడైన అలెగ్జాండర్ కొంటొరోవిచ్ అనే వయొలిన్ విద్వాంసుని వద్ద శిష్యరికం చేశారు. ప్రతిదినం పియానోపై నాలుగు గంటలు, వయొలిన్‌పై ఐదు గంటలు సాధన. మన పాఠశాలలలో సంత, తిరువ చెప్పుకొన్నవారికి ఈ లెక్క ఆశ్చర్యం కలిగించదు. విద్య ఏదైనా శరీరాన్ని అరగదీయకుండా సిద్ధించదు.

అటుపిమ్మట లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదివే అవకాశం లభించింది. కాని ప్రయాణానికి స్వదేశంలో అనుమతి దొరకలేదు. కారణమేమిటో ఆమె బహిరంగంగా చెప్పలేదు. ఆ నిరాశ సామాన్యమైనది కాదు. ఆమె ఆహారం విసర్జించి మృత్యుముఖం వరకు వెళ్ళారు. అంత్యకాలంలో ఇచ్చే పవిత్ర ప్రసాదాన్ని స్వీకరించి, గాఢనిద్రలోకి జారి, మేల్కొన్న తరువాత మనస్సు ప్రశాంతమైందని ఆమె వృత్తాంతం చెబుతున్నది.

ఇక్కడ ఒక క్షణం ఆగాలి. మహాత్ముల చరిత్రలను చెప్పుకొనేటప్పుడు, వారి దుఃఖాన్ని దైవలీలగా వర్ణించి సులువుగా దాటిపోవడం మనకు అలవాటు. ఆ తలుపు మూసుకోవడం వల్లనే ఆమె ఇంతటివారైనారని అనడం, అనుమతి నిరాకరించినవారికి పుణ్యం కట్టబెట్టడమే అవుతుంది. ఆమె పొందినది నిజమైన గాయం. వైరాగ్యం రెండు విధాలుగా కలుగుతుందని పెద్దలు చెబుతారు: వివేకం వలన ఒకటి, దుఃఖం వలన ఒకటి. దుఃఖం వలన కలిగినది శ్మశానవైరాగ్యంవలె ఇంటికి రాగానే చల్లారిపోవచ్చు. అది నిలిచిందో లేదో ఆ తరువాతి జీవితమే చెప్పాలి. ఎమహోయ్ విషయంలో అది మరణపర్యంతం నిలిచింది.

పంతొమ్మిదవ ఏట ఆమె ఎవరికీ చెప్పకుండా రాజధాని విడిచి, వొల్లో ప్రాంతంలోని గిషెన్ మరియం అనే పర్వతాశ్రమానికి వెళ్ళిపోయారు. ఆ పర్వతశిఖరం శిలువ ఆకారంలో ఉంటుందని ప్రసిద్ధి. ఇరవైయొకటవ ఏట సన్న్యాసదీక్ష స్వీకరించారు. పదేళ్ళు అక్కడ పాదరక్షలు లేకుండా గడిపారు. పియానో లేదు, సంగీతం లేదు. ప్రార్థన మాత్రమే ఉన్నది. దినానికి తొమ్మిది గంటలు సాధన చేసిన చేతులు పదేళ్ళు వాద్యాన్ని తాకలేదు. పూర్వాశ్రమపు విద్యను కూడా పూర్వాశ్రమంతోనే విడిచిన త్యాగం అది.

ఆరోగ్యం క్షీణించి ఆమె అడిస్ అబాబాకు తిరిగి వచ్చారు. సంగీతం కూడా ఆమె వద్దకు తిరిగి వచ్చింది. అయితే ఈసారి వచ్చినది ఐరోపా నుండి తెచ్చుకొన్న విద్య మాత్రమే కాదు. 1960ల దశకంలో గోందర్ నగరంలో ఆమె సెయింట్ యారెద్ సంప్రదాయానికి చెందిన దేవాలయ గానాన్ని అధ్యయనం చేశారు. ఈ యారెద్ క్రీ.శ. ఆరవ శతాబ్దంలో అక్సుం రాజ్యంలో జీవించిన గాయక ఋషి అనదగినవాడు. బాల్యంలో చదువు అబ్బక గురుకులం నుండి పారిపోయి, ఒక చెట్టు క్రింద కూర్చున్నప్పుడు, ఒక గొంగళిపురుగు చెట్టెక్కబోయి ఆరుమార్లు పడి ఏడవమారు పైకి చేరడం చూసి వెనుదిరిగి వచ్చాడని ఐతిహ్యం. ఆయన సంప్రదాయంలో గానానికి మూడు రీతులు ఉన్నాయి: గీజ్, ఎజెల్, అరరాయ్. ఆ గానభాష అయిన గీజ్ నేడు ఎవరి ఇంటిలోనూ మాటలాడే భాష కాదు. దేవాలయంలో మాత్రమే జీవించి ఉన్నది. ఉదాత్త అనుదాత్త స్వరితాలతో, లోకవ్యవహారంలో లేని ఛాందస భాషను కంఠంలో మోస్తున్న మనకు ఇది పరాయి విషయంగా తోస్తుందా?

మరొక సామ్యం నన్ను ఇంకా లోతుగా స్పృశించింది. గోందర్‌లో ఆ దేవాలయ గానాన్ని నేర్చుకొనే బాలురు ఇల్లు విడిచి వచ్చి, భిక్షమెత్తుకొని తింటూ, రాత్రులు ఆలయద్వారాల వద్ద ఆరుబయట నిద్రించేవారు. మనదేశంలో మధుకరవృత్తితో, వారాలు చేసుకొని వేదం చదివిన తరాలను ఎరిగినవారికి ఆ దృశ్యం వెంటనే అర్థమవుతుంది. ఎమహోయ్ వద్ద ఇవ్వడానికి ధనం లేదు. ఉన్నది విద్య ఒక్కటే. కనుక ఆ విద్యతోనే వారికి సహాయం చేయాలని సంకల్పించారు. చక్రవర్తి హైలే సెలాసీ తోడ్పాటుతో 1960ల దశకంలో ఆమె మొదటి గ్రామఫోను రికార్డు జర్మనీలో వెలువడింది. రికార్డుల వలన వచ్చిన ధనాన్ని పేద విద్యార్థులకు, అనాథలకు వినియోగించారు. కీర్తి కోసం కాదు, అన్నం కోసం. అదికూడా తన అన్నం కోసం కాదు.

ఇక ఆమె కళను గురించి నాకు తెలిసినంతలో రెండు మాటలు. పియానో అనే వాద్యంలో ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క మెట్టు స్థిరంగా ఉంటుంది. వీణలోవలె తంత్రిని లాగి గమకం పలికించడానికి వీలులేదు. ఇథియోపియా సంగీతంలో తిజితా, బతి, అంబస్సెల్, అంచిహోయె అని నాలుగు ప్రధాన స్వరమార్గాలు ఉన్నాయి. ఒక్కొక్కటి ఐదు స్వరాలది. మన పరిభాషలో ఔడవాలు. తిజితా యొక్క ఒక రూపంలోని స్వరాలు షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం. ఇవి మోహనరాగ స్వరాలే. అయితే స్వరాలు సమానమైనంత మాత్రాన రాగం సమానం కాదు. సంచారమూ గమకమూ కలిస్తేనే రాగస్వరూపం. ఆ అమ్మాయి ప్రశ్నకు నేను ఇచ్చిన సమాధానం కూడా ఇదే.

‘తిజితా’ అనే పదానికి స్మృతి, జ్ఞాపకం అని అర్థం. గతించినదానిపై కలిగే ఆర్ద్రమైన తలపు అది. ఎమహోయ్ వాదనంలో ఎడమచేయి అలలవలె ఒక ఆవృత్తిని నిలుపుతూ ఉంటుంది. కుడిచేయి ప్రధానస్వరాన్ని నేరుగా పలుకదు. దాని గడప వద్ద రెండు మూడు చిన్న స్వరాలను స్పృశించి, అప్పుడు లోనికి ప్రవేశిస్తుంది. గమకం లేని వాద్యంలో గమకానికి ఆమె కనుగొన్న ప్రత్యామ్నాయం అదేనని నాకు అనిపించింది. లయ కూడా గడియారపు లయ కాదు. శ్వాస దీర్ఘమైనచోట దీర్ఘంగా, హ్రస్వమైనచోట హ్రస్వంగా సాగుతుంది. ఐరోపా శ్రోతలు అందులో షోపాన్‌ను విన్నారు. అమెరికా శ్రోతలు బ్లూస్ సంగీతాన్ని విన్నారు. నాకు పారాయణం వినిపించింది. ఎవరి చెవి సంస్కారాన్ని బట్టి వారికి వినబడడం నాదధర్మం.

ఆమె ప్రసిద్ధ రచనలలో ఒకదానికి ‘నిరాశ్రయ సంచారి’ అని అర్థం వచ్చే పేరు. భగవద్గీత పన్నెండవ అధ్యాయంలో పరమాత్మ తనకు ప్రియుడైన భక్తుని లక్షణాలను చెబుతూ అనికేతుడు అనే పదం ప్రయోగించాడు. నికేతనం, అనగా తనదనే ఇల్లు, లేనివాడని అర్థం. బాల్యంలో విదేశవాసం, కౌమారంలో చెర, యౌవనంలో పర్వతం, వార్ధక్యంలో పరదేశ మఠం. ఆ పేరును ఆమె ఊహించి పెట్టుకోలేదు, జీవించి పెట్టుకున్నారు.

1974లో చక్రవర్తి పదచ్యుతుడైన తరువాత సైనిక ప్రభుత్వం వచ్చింది. తల్లి మరణానంతరం, 1984లో, ఆమె జెరూసలెంలోని ఇథియోపియా మఠానికి చేరుకున్నారు. అక్కడి దేవాలయం వర్తులాకారంలో ఉంటుంది. ఇథియోపియా సంప్రదాయంలోని ఇటువంటి ఆలయాలలో మూడు ఆవరణలు ఉంటాయి: బయట గాయకుల స్థానం, దాని లోపల భక్తుల స్థానం, మధ్యలో అర్చకులు మాత్రమే ప్రవేశించే పరమపవిత్ర స్థానం. ముఖమండపం, అంతరాళం, గర్భగృహం అని మనం చెప్పుకొనేదానికి ఇది ఎంత సమీపంలో ఉన్నదో చూడండి. ఆ ఆవరణంలోని ఒక చిన్న గదిలో, ఒక పియానోతో, ఆమె శేషజీవితం సాగింది. మతం వేరు, దైవనామం వేరు, ఆచారం వేరు. నా ఆచారాన్ని నేను వీడను, ఆమె ఆచారాన్ని ఆమె వీడలేదు. కాని ఒక గదిలో ఒంటరిగా దైవసన్నిధిని నాదంతో సేవించడమంటే ఏమిటో ఏ ఆలయంలోని అర్చకునికైనా తెలుస్తుంది.

2006లో ఫ్రాన్సు దేశంలో ఫ్రాన్సిస్ ఫాల్సెతో అనే పరిశోధకుడు, ఇథియోపియా సంగీతాన్ని సంకలనం చేస్తూ వెలువరించిన ‘ఎథియోపిక్స్’ అనే మాలలో, ఇరవైయొకటవ సంపుటాన్ని కేవలం ఆమె పియానో రచనలకు కేటాయించాడు. అప్పుడు లోకం తలతిప్పి చూసింది. ఆ రికార్డు విన్న మాయా దునియెత్స్ అనే ఇజ్రాయెల్ సంగీతవిదుషి జెరూసలెంలోని మఠానికి వెదుక్కుంటూ వెళ్ళింది. కొంతకాలానికి ఎమహోయ్ ఆమె చేతికి కొన్ని సంచులు అందించారు. వాటినిండా దశాబ్దాలుగా చేతితో వ్రాసుకొన్న స్వరలిపి కాగితాలు, వందలకొద్దీ. 2013లో వాటిలో కొన్ని పుస్తకరూపం దాల్చాయి. జెరూసలెంలో ఆమె రచనలతో కచేరీలు జరిగాయి. అప్పటికి ఆమె తొంభయ్యవ ఏట ఉన్నారు. 2023 మార్చిలో, తొంభై తొమ్మిదేళ్ళ వయస్సులో, జెరూసలెంలోనే దేహం విడిచారు. ఆమె రచనలు 150కి పైగా ఉన్నాయి.

ఆ సంచుల వద్దనే నా ఆలోచన చాలాకాలం నిలిచిపోయింది. దానికి కారణం చెప్పాలంటే ఇద్దరిని గురించి చెప్పాలి.

మొదటివారు మా గురువుగారు. గోదావరీతీరంలోని ఒక అగ్రహారంలో జీవితమంతా గడిపిన ఘనపాఠి. సభలకు వెళ్ళినది తక్కువ, సన్మానాలు పొందినది అంతకంటె తక్కువ. ఒక తెల్లవారుజామున ఆయన ఏకాంతంగా స్వాధ్యాయం చేసుకుంటూ ఉండగా, ఒక స్వరితం కించిత్తు జారింది. నాకు తెలియనే లేదు. వినేవారు మరెవరూ లేరు. ఆయన ఆగి, అనువాకం మొదటి నుండి మళ్ళీ ఆరంభించారు. శ్రోత లేనిచోట దోషం లేదని ఆయన అనుకోలేదు. నిష్కామకర్మ అనే మాటకు నేను చదివిన భాష్యాలన్నిటిలోనూ ఆ ప్రాతఃకాలమే స్పష్టమైనది.

రెండవవాడు నా వద్ద ఐదేళ్ళు చదివిన విద్యార్థి. మంచి ధారణ, మంచి కంఠం. గత సంవత్సరం నగరంలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నమస్కరించి అడిగాడు: “గురువుగారూ, ఈ ఘన ఎవరు వింటారండీ? పెళ్ళిలో మంత్రం చెబుతుంటే ఫొటోగ్రాఫరు నన్ను పక్కకు జరగమంటాడు.” అతనిని నేను నిందించలేను. అతనికి వృద్ధులైన తల్లిదండ్రులున్నారు. మా గురువుగారి ప్రాతఃకాలాన్ని ఉదాహరణగా చెప్పి, భగవంతుడు వింటాడని అనవచ్చు. అది సత్యమే. కాని అది అతని ప్రశ్నలో సగానికి మాత్రమే సమాధానం.

మిగిలిన సగానికి సమాధానం ఆ సంచులలో కనిపించింది. కీర్తిని నిజంగా విడిచిన ఎమహోయ్, ఆ కాగితాలను ఎందుకు దాచారు? ఎందుకు ఒకరి చేతిలో పెట్టారు? సన్న్యాసినికి ఆ మమకారం ఏమిటని అల్పజ్ఞులు అడుగవచ్చు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో, విద్య ముగించి ఇంటికి వెళ్ళే శిష్యునికి ఆచార్యుడు చేసిన అనుశాసనం ఉన్నది. స్వాధ్యాయ ప్రవచనాలు రెండింటిలోనూ ఏమరుపాటు వద్దంటాడు ఆయన. స్వాధ్యాయం తాను చెప్పుకోవడం. ప్రవచనం ఇతరులకు చెప్పడం. ఆచార్యుడు ఈ రెండింటినీ ఒకే మాటగా కలిపి చెప్పాడు. స్వాధ్యాయానికి శ్రోత భగవంతుడు. అక్కడ మరొకరి అవసరం లేదు. ప్రవచనానికి మాత్రం మనిషి కావాలి. కీర్తిపై విరక్తి వేరు, విద్యపై ఉపేక్ష వేరు. మొదటిది త్యాగం, రెండవది ఋణభంగం. ఋషుల నుండి పొందినదానిని అందించకుండా పోవడమే ఋషిఋణాన్ని మిగుల్చుకోవడం. గదిలోని పియానో ఆమె స్వాధ్యాయం. ఆ సంచులు ఆమె ప్రవచనం. తాను మరుగున ఉండడానికి ఆమె అంగీకరించారు. విద్య మరుగున పడడానికి అంగీకరించలేదు.

కనుక ఆమెను “కనుగొన్నాము” అని లోకం చెప్పుకొంటున్నప్పుడు అందులో కొంత అహంకారం ఉన్నది. ఆమె ఎన్నడూ తప్పిపోలేదు. వినవలసినవారు వినడానికి అంతకాలం పట్టింది. శ్రవణం భక్తునికి విహితమైనట్లే, విద్యావంతుని సన్నిధిలో శ్రోతగా నిలవడం సమాజానికి విహితం. మాయా దునియెత్స్ చేసినది పరిశోధన అని కొందరంటారు. శుశ్రూష అనడమే నాకు ఉచితంగా తోస్తుంది. శుశ్రూష అనే పదానికి మూలార్థం వినవలెననే ఇచ్ఛయే కదా!

ఎమహోయ్ విద్య కాగితానికి ఎక్కింది, సంచిలో పట్టింది. వేదం అలా పట్టదు. అక్షరాలు ముద్రించవచ్చు, స్వరచిహ్నాలూ గుర్తించవచ్చు. కాని వ్రాత చూసి చదివేవాడిని శిక్షాశాస్త్రం అధమ పాఠకులలో లెక్కించింది. మాకు ఉన్న సంచి ఒక్కటే: మరొక కంఠం. అది దొరకకపోతే, ఎనభై రెండేళ్ళ తరువాత వెదుక్కుంటూ వచ్చేవారికి చూపడానికి ఏ గదిలోనూ ఏమీ మిగలదు.

జిజ్ఞాసువులారా, మీ ఇంటిలో ఒక పెద్దమ్మ మంగళహారతులు పాడుతూ ఉండవచ్చు. మీ ఊరి ఆలయంలో ఒక వృద్ధ నాగస్వర విద్వాంసుడు ఎవరూ లేని వేళ సుప్రభాత సేవ చేస్తూ ఉండవచ్చు. మీ బంధువులలో ఒకాయన శాఖాధ్యయనం పూర్తిచేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా పింఛనుతో కాలం గడుపుతూ ఉండవచ్చు. వారికి సన్మానపత్రం అక్కరలేదు. ప్రక్కన కూర్చోండి. వినండి. వీలైతే ఒక్కటైనా నేర్చుకోండి.

ఈ శ్రావణమాసం నుండి సాయంసంధ్య ముగిసిన తరువాత మా ఆలయ మండపంలో ఇద్దరు బాలురు కూర్చుంటున్నారు. ఒకడికి కంఠం ఉన్నది, నిలకడ లేదు. మరొకడికి నిలకడ ఉన్నది, కంఠం ఇంకా కుదరలేదు. సంత చెబుతున్నాను.

ఇతి శమ్.